జన్యువులు, పరిసరాలు, మనిషి ఎదుగుదల

నా ముప్పై రెండేళ్ళ ప్రభుత్వోద్యోగంలో ఎన్నో ఊళ్ళు మారాను. ఊరు మారినా, ఆసుపత్రి మారినా, రోగుల బంధువులు అడిగే ఒక ప్రశ్న మాత్రం మారలేదు. "ఇది ఎవరి వైపు నుండి వచ్చింది డాక్టరు గారూ?" అన్నదే ఆ ప్రశ్న. బిడ్డకు మాటలు ఆలస్యమైనా, చదువు అబ్బకపోయినా, కుర్రవాడు తాగుడుకు అలవాటు పడినా, ఇంట్లో ఎవరికైనా మతి చలించినా ఈ ప్రశ్న తప్పక వచ్చేది. అడిగేవారు సాధారణంగా తండ్రి తరఫు పెద్దలు. ఆ సమయంలో బిడ్డ తల్లి తల వంచుకొని ఒక పక్కగా నిలుచొని ఉండేది.

మన సామెతలలోనే ఈ ప్రశ్నకు రెండు రకాల సమాధానాలున్నాయి. "విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?" అంటాము. ఇది వారసత్వం పక్షాన చెప్పిన మాట. "మొక్కై వంగనిది మానై వంగునా?" అని కూడా అంటాము. ఇది పెంపకం పక్షాన చెప్పిన మాట. "తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అనే సామెత మరీ చిత్రమైనది. దూడకు ఆ బుద్ధి తల్లి రక్తం నుండి వచ్చిందో, తల్లి వెంట తిరిగి నేర్చుకొన్నదో ఆ సామెత చెప్పదు. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం ఈ రెండు పక్షాల మధ్య ఊగిసలాడింది. నేను వైద్య కళాశాలలో చదివిన రోజుల కంటె నేడు ఈ విషయం బాగా స్పష్టపడింది. తెలిసినంతవరకు దానిని సులభమైన మాటలలో వివరిస్తాను. ఇది పాండిత్యం కోసం తెలుసుకోవలసిన విషయం కాదు. దీనిని తప్పుగా అర్థం చేసుకొనడం వలన బిడ్డలు వైద్యం అందక చెడిపోవడం, చేయని తప్పుకు తల్లులు శిక్ష అనుభవించడం నేను చూశాను.

జన్యువులు ఏమి చేస్తాయి?

మన శరీరంలోని ప్రతి కణకేంద్రంలోనూ 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి లభిస్తాయి. ఎర్ర రక్తకణాలకు కేంద్రం ఉండదు, బీజకణాలలో సగమే ఉంటాయి. ఈ రెండూ మినహాయింపులు. ఈ క్రోమోజోములలో సుమారు 20,000 జన్యువులు మాంసకృత్తుల తయారీకి కావలసిన సూత్రాలను మోస్తుంటాయి. జన్యువు చేయగలిగినది ఇంతే. అది కోపాన్ని తయారు చేయదు, తెలివిని తయారు చేయదు. ఒక మాంసకృత్తును ఎలా కూర్చాలో, ఎప్పుడు కూర్చాలో, ఎంత కూర్చాలో తెలుపుతుంది. ఆ మాంసకృత్తు నుండి నాడీకణం దాకా, నాడీకణం నుండి మెదడు దాకా, మెదడు నుండి మనిషి నడవడిక దాకా చాలా దూరం ఉన్నది. ఆ దారి పొడవునా తిండి, నీరు, అంటురోగాలు, తల్లి ఒడి, బడి, సావాసాలు వచ్చి కలుస్తుంటాయి.

కెనడా దేశపు మనోవైజ్ఞానికుడు డోనాల్డ్ హెబ్, వారసత్వం ఎక్కువా పరిసరాలు ఎక్కువా అని అడగడం, పొలం వైశాల్యంలో పొడవు వాటా ఎక్కువా వెడల్పు వాటా ఎక్కువా అని అడగడం వంటిదే అనేవారని చెబుతారు. ఈ రెండూ కూడికలు కావు, గుణకారాలు. ఒకటి సున్న అయితే రెండవది ఎంత ఉన్నా ఫలితం సున్నయే.

మరి "ఎత్తులో 80 శాతం జన్యువులదే" అని పత్రికలలో చదువుతాము కదా అని కొందరు అడుగుతారు. మన పొలాల ఉదాహరణతోనే ఆ మాటను అర్థం చేసుకొనవచ్చును. పాతకాలపు వరి విత్తనాలను ఒకే బస్తా నుండి తీసి, సగం కాలువ మొదట్లోని మడిలోను, సగం నీరందని శివారు మడిలోను చల్లామనుకుందాము. ఒకే మడిలోని మొక్కల మధ్య కనిపించే ఎత్తు తేడా అధికభాగం విత్తనాల తేడాయే, ఎందుకంటే ఆ మడిలో నీరు అందరికీ సమానం. రెండు మడుల మధ్య తేడా మాత్రం పూర్తిగా నీటిది. 80 శాతం అన్న లెక్క ఒక మడిలోని తేడాలకు వర్తించేదే కాని, ఒక మొక్క ఎత్తులో 80 పాళ్ళు విత్తనానివి అని చెప్పేది కాదు. దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన స్త్రీల కంటె 1996లో పుట్టిన స్త్రీలు సగటున సుమారు 20 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. నూరేళ్ళలో ఒక జాతి జన్యువులు అంతగా మారవు. మారింది వారి తిండి, వారి ఆరోగ్యం.

జన్యువులో లోపం, విస్తరిలో చికిత్స

1934లో నార్వే దేశంలో ఒక తల్లి, బుద్ధి వికసించని తన ఇద్దరు బిడ్డలను తీసుకొని ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుని ఆశ్రయించింది. బిడ్డల మూత్రానికి ఏదో విచిత్రమైన వాసన వస్తున్నదని ఆమె గమనించింది. అంతకు ముందు చూసిన వైద్యులెవరూ ఆ మాటను పట్టించుకొనలేదు. రసాయనశాస్త్రం కూడా చదువుకొన్న ఫోలింగ్ ఆ మూత్రంలో ఫెరిక్ క్లోరైడు కలిపినపుడు అది ఆకుపచ్చగా మారింది. ఈ విధంగా ఫీనైల్‌కీటోన్యూరియా అనే జబ్బు వెలుగులోకి వచ్చింది. పాలు, గుడ్లు, మాంసం, పప్పులలోని మాంసకృత్తులలో ఉండే ఫీనైల్ అలనిన్ అనే పదార్థాన్ని మార్పు చేసే ఎంజైము ఈ బిడ్డల కాలేయంలో సరిగా పనిచేయదు. ఆ పదార్థం రక్తంలో పేరుకొని, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది.

ఇది అచ్చమైన జన్యులోపం. అయినా 1950వ దశకం తొలినాళ్ళలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఒక పసిపిల్లకు ఫీనైల్ అలనిన్ బాగా తగ్గించిన ప్రత్యేకాహారం ఇచ్చి చూశారు. ఆ పిల్లలో మార్పు కనిపించింది. మరల ఆ పదార్థాన్ని ఆహారంలో కలిపినపుడు కొద్దికాలంలోనే పరిస్థితి దిగజారింది. 1960వ దశకం తొలినాళ్ళలో అమెరికాలో రాబర్ట్ గత్రీ, నవజాత శిశువు మడమ నుండి ఒక రక్తపు చుక్కను వడపోత కాగితం మీద తీసి ఈ జబ్బును కనిపెట్టే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. పుట్టిన మొదటి వారాలలోనే ఆహారం మార్చితే ఆ బిడ్డ అందరు పిల్లలవలె చదువుకుంటుంది. జన్యువు మారలేదు. మారింది విస్తరిలోని ఆహారం.

మరి ఈ జబ్బు ఎవరి వైపు నుండి వచ్చింది? ఇటువంటి జబ్బులు రావాలంటే లోపం గల జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి రావాలి. ఒకటే ఉన్నవారు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. అటువంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే ఇది రెండు వైపుల నుండీ సమానంగా వచ్చిన జబ్బు. మేనరికపు పెళ్ళిళ్ళలో ఆ రెండు వైపులూ ఒకే ఇల్లు. అత్త కొడుకుకు, మామ కూతురుకు జన్యువులలో ఎనిమిదో వంతు, మేనమామకు మేనకోడలికి నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. తన అన్న కూతురినే కోడలిగా తెచ్చుకొని, బిడ్డ జబ్బుపడినపుడు "మీ రక్తం" అని కోడలిని నిందించిన అత్తగారిని నేను ఎరుగుదును. ఆ రక్తం ఆమెది కూడానని చెప్పడానికి నేను చాలాసేపు కాగితం మీద వంశవృక్షం గీయవలసి వచ్చింది.

ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసినపుడు మరొక ఉదాహరణ ఎదురైంది. మలేరియాకు ప్రిమాక్విన్ మాత్రలు వేసుకొన్న ఒక యువకుడు మూడవ రోజున పచ్చబడిన కళ్ళతో, ఆయాసంతో వచ్చాడు. మూత్రం కాఫీ డికాక్షను రంగులో ఉన్నది. అతని ఎర్ర రక్తకణాలలో జి-6-పి.డి. అనే ఎంజైము కొరవడింది. ఈ లోపం గలవారు జీవితమంతా ఆరోగ్యంగానే ఉండవచ్చు. ప్రిమాక్విన్ వంటి కొన్ని మందులు, కలరా ఉండలలోని నాఫ్తలిన్ సోకినపుడు మాత్రం వారి రక్తకణాలు పగిలిపోతాయి. మందు ఆపి, రక్తం ఎక్కించిన తరువాత ఆ యువకుడు కోలుకొన్నాడు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక మగబిడ్డకు తల్లి నుండే వస్తుంది. జన్యువు తల్లి నుండి వచ్చిన మాట నిజమే, జబ్బు వచ్చింది మాత్రల వలన. ఇరవై ఏళ్ళు ఆ జన్యువుతోనే అతడు కొండలెక్కి పోడు వ్యవసాయం చేసుకొన్నాడు.

వంశపారంపర్యంగా కనిపించేదంతా రక్తంలోనిది కాదు

ఒక ఇంటిలోనో ఒక ఊరిలోనో తరతరాలుగా కనిపించే జబ్బును చూడగానే వారసత్వం అనుకొనడం సహజం. కాని ఒక ఇంటివారు రక్తాన్ని మాత్రమే పంచుకొనరు. బావిని, పొయ్యిని, ఉప్పును, పేదరికాన్ని కూడా పంచుకుంటారు.

హిమాలయ పాదప్రాంతాలలో గొంతు ముందు థైరాయిడ్ గ్రంథి ఉబ్బే గాయిటర్ ఊరూరా కనిపించేది. ఆ ఊళ్ళలోనే చెవుడు, మూగతనం, బుద్ధిమాంద్యం గల పిల్లలూ పుట్టేవారు. అసలు కారణం అక్కడి నేలలో అయొడిన్ కొరత. వానలకు, వరదలకు అయొడిన్ కొట్టుకొనిపోయిన నేలలో పండిన పంటలోనూ అది ఉండదు. అయొడిన్ లేనిదే థైరాయిడ్ హార్మోను తయారుకాదు. ఆ హార్మోను లేనిదే గర్భస్థ శిశువు మెదడు సరిగా ఎదగదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో తన సహచరులతో ఒక పరిశోధన ప్రారంభించారు. లోయను మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. ఆరేళ్ళలో అయొడిన్ ఉప్పు తిన్న భాగాలలోని బడిపిల్లలలో గాయిటర్ సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో తగ్గలేదు. తరువాత ఆ భాగానికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లో మన ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. ఆంధ్ర వైద్య కళాశాల విద్యార్థి ఒకరు చిటికెడు ఉప్పుతో ఎన్ని లక్షల పసిబిడ్డల మెదళ్ళను కాపాడారో తలచుకొన్నపుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

థైరాయిడ్ అనగానే నాకొక తల్లి గుర్తుకు వస్తుంది. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నపుడు ఒక ముసలమ్మ తన నాలుగేళ్ళ మనుమడిని తీసుకొని వచ్చింది. వెనుక కోడలు. బాబుకు మాటలు లేవు. నాలుక బయటికి పొడుచుకొని ఉన్నది, చర్మం గరుకుగా ఉన్నది, బొడ్డు ఉబ్బి ఉన్నది, ఎత్తు రెండేళ్ళ బిడ్డ ఎత్తు. "మా వంశంలో ఇట్టాంటోళ్ళు లేరు డాక్టరు బాబూ. దీని అన్నే మందబుద్ధి. వాడి పోలికే వచ్చింది" అన్నది ముసలమ్మ. పట్నంలోని పెద్దాసుపత్రికి పంపి పరీక్ష చేయించగా, బాబుకు పుట్టుకతోనే థైరాయిడ్ హార్మోను లేదని తేలింది. థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టిన తరువాత బాబు పొడవు పెరిగాడు, చురుకుదనం వచ్చింది, ముఖం మారింది. కాని తొలి రెండు మూడేళ్ళలో మెదడుకు జరిగిన నష్టం తిరిగి రాలేదు. పుట్టిన రెండు వారాలలో మొదలుపెట్టవలసిన మాత్ర అది, ఖరీదు కూడా లేనిది. ఆ నాలుగేళ్ళూ ఆ ఇంటివారు ఎవరి పోలిక అని వాదించుకొంటూ గడిపారు.

రెండేళ్ళ తరువాత ఆ కోడలు నిండు గర్భిణిగా వచ్చి, అత్తగారు లేని సమయం చూసి, "దీనికీ వస్తుందా డాక్టరు గారూ?" అని అడిగింది. "చాలామందిలో ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు తల్లీ. గర్భంలో గ్రంథి సరిగా ఏర్పడకపోవడం వలన వస్తుంది. మీ అన్నకు, దీనికి సంబంధం ఉండి తీరాలని లేదు. పుట్టిన మూడో రోజున బిడ్డకు రక్తపరీక్ష చేయించుకుందాము" అన్నాను. చేయించాము. ఆడపిల్ల, ఆరోగ్యంగా ఉన్నది. ఫలితం చెప్పినపుడు ఆమె బిడ్డ గురించి ఏమీ అనలేదు. "ఆ మాట మా అత్తమ్మకు మీరే చెప్పండి" అని మాత్రం అన్నది. చెప్పాను.

పెంపకం మీద వేసిన అభాండం

తప్పు రెండవ వైపు నుండి కూడా జరిగింది. 1943లో లియో కానర్ అమెరికాలో ఆటిజంను వర్ణించిన తరువాత, తల్లి ప్రేమ చూపకపోవడం వలన, మనసు గడ్డకట్టిన తల్లుల వలన ఈ స్థితి వస్తుందన్న వాదం బలపడింది. బ్రూనో బెటల్‌హైమ్ వంటివారు ఆ వాదాన్ని విస్తృతంగా ప్రచారం చేశారు. ఒక తరం తల్లులు తమ బిడ్డను తామే పాడు చేశామని కుమిలిపోయారు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవల జతలను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరు వేరు అండాల నుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతలోనైనా ఇద్దరికీ లేదు. రెండు రకాల కవలలూ ఒకే తల్లి ఒడిలో పెరిగినవారే. ఆటిజంలో జన్యువుల పాత్ర బలమైనదని తరువాతి పరిశోధనలు ధ్రువపరచాయి. ఈనాటికీ "నువ్వు ఉద్యోగానికి పోయావు, అందుకే పిల్లవాడికి మాటలు రాలేదు" అని తల్లిని అనేవారిని వింటున్నాను. ఆ మాటకు శాస్త్రాధారం లేదు. అయితే జన్యువుల పాత్ర ఉన్నదని చేతులు ముడుచుకొనవలసిన పని కూడా లేదు. చిన్న వయసులోనే మాట, ఆట, నడవడికలలో శిక్షణ ప్రారంభిస్తే ఈ పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది.

తాగుడు విషయంలోనూ ఇట్లాగే ఉన్నది. "మా నాన్న తాగేవాడు, నా రక్తంలోనే ఉన్నది" అని చెప్పుకొనేవారిని ఆసుపత్రిలో ఎందరినో చూశాను. మద్యానికి బానిస కావడంలో జన్యువుల పాత్ర సుమారు సగం వరకు ఉన్నదని కవలల పరిశోధనలు చెబుతున్నాయి. జపాన్ వంటి తూర్పు ఆసియా దేశాలలో చాలామందికి మద్యాన్ని శరీరంలో పూర్తిగా విరిచే ఒక ఎంజైము బలహీనంగా ఉంటుంది. వారు కొద్దిగా తాగినా ముఖం ఎర్రబడి, గుండె దడ, వికారం కలుగుతాయి. అందువలన ఆ జన్యువు తాగుడు నుండి రక్షిస్తుందని భావించారు. కాని జపాన్‌లో మద్య వ్యసనపరులలో ఈ జన్యువు ఒక ప్రతి గలవారు 1979లో 2.5 శాతం ఉండగా, 1986లో 8 శాతానికి, 1992లో 13 శాతానికి పెరిగారు. ఆ పదమూడేళ్ళలో వారి జన్యువులు మారలేదు. తాగమని ఒత్తిడి చేసే కొలువులు, విందులు, అంగళ్ళు పెరిగాయి. రక్షించే జన్యువు ఉన్నవారినే సమాజం తాగుబోతులను చేయగలిగినపుడు, రక్షణ లేని జన్యువు ఉన్న కుర్రవాడు మొదటి గుక్క తాగకుండా ఉంటే వ్యసనపరుడు కాడన్నది కూడా అంతే నిజం. తాగే తండ్రి ఉన్న కొడుకు నేర్చుకోవలసిన పాఠం నిరాశ కాదు, ఇతరుల కంటె ఎక్కువ జాగ్రత్త.

పరిసరాలు జన్యువుల మీద వేసే గుర్తులు

1944-45 శీతకాలంలో జర్మను సైన్యం నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతానికి ఆహారం అందకుండా చేసింది. మనిషికి రోజుకు వెయ్యి కేలరీలకు తక్కువ ఆహారమే లభించింది. సుమారు 20,000 మంది చనిపోయారు. 1945 మే నెలలో విముక్తి లభించాక తిండి సమృద్ధిగా దొరికింది. ఆ కరవులో గర్భస్థులుగా ఉన్నవారిని శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరువాత పరీక్షించారు. కరవు తీవ్రంగా ఉన్నపుడు గర్భంలో పడినవారిలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఇతరులలో కంటె సుమారు రెండింతలు కనిపించింది. కరవుకాలంలో గర్భంలో ఉన్నవారిలో చక్కెరను అదుపుచేసే శక్తి కూడా తక్కువగా ఉన్నది. 2008లో మరొక విషయం బయటపడింది. ఎదుగుదలకు సంబంధించిన ఐ.జి.ఎఫ్-2 అనే జన్యువు మీద, గర్భంలో పడిన తొలి రోజులలో కరవుకు గురైనవారికి మిథైల్ గుర్తులు, కరవు ఎరుగని తమ తోబుట్టువుల కంటె తక్కువగా ఉన్నాయి. అప్పటికి వారికి అరవై ఏళ్ళు.

మిథైల్ గుర్తులు జన్యువులోని అక్షరాలను మార్చవు. జన్యువు ఎంత పనిచేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో నిర్ణయించే మీటల వంటివి అవి. తల్లి కడుపులోని పరిస్థితులు ఆ మీటలను కొంతవరకు సర్దుతాయి. విత్తనానికి, నేలకు మధ్య మనం గీసుకొన్న గీత చెరిగిపోయే చోటు ఇదే.

పుట్టిన తరువాత కూడా మెదడుకు కొన్ని గడువులుంటాయి. రుమేనియాలో 1966లో గర్భస్రావాన్ని నిషేధించిన ఫలితంగా, 1989లో చౌషెస్కూ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు అనాథ శరణాలయాలలో ఉన్నారు. తిండి దొరికినా, ఎత్తుకొని మాట్లాడే మనిషి లేరు. 2000వ సంవత్సరంలో బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా 136 మంది పసిపిల్లలను ఎంచుకొని, చీటీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. నాలుగున్నరేళ్ళ వయసులో శరణాలయానికి కేటాయించిన పిల్లల బుద్ధిసూచిక సగటున 73, కుటుంబాలకు పంపిన పిల్లలది 81, సొంత తల్లిదండ్రుల వద్ద పెరిగిన స్థానిక పిల్లలది 109. రెండేళ్ళ వయసుకు ముందే ఇంటికి చేరినవారు ఎక్కువగా కోలుకొన్నారు. చీటీ ఎవరి జన్యువులనూ చూడదు. కాబట్టి ఆ తేడా ఒడిది, మాటది, లాలనది.

మనం చేయగలిగినవి

మన జన్యువులను మనం ఎంచుకొనలేము. పరిసరాలలో చాలాభాగం మన చేతిలో, మన ప్రభుత్వాల చేతిలో ఉన్నది. నా అనుభవంలో అందరికీ అందుబాటులో ఉండే కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

1. పెళ్ళికి ముందే ఆలోచించండి. మేనరికాలు మానుకొంటే మంచిది. ఇంటిలో ఇప్పటికే జన్యువ్యాధి గల బిడ్డ ఉంటే తరువాతి గర్భానికి ముందు జన్యు వైద్యుని సలహా తీసుకోండి.

2. గర్భం ధరించడానికి ముందు నుండే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడాలి. గర్భిణికి రక్తహీనత లేకుండా చూడాలి. మద్యం, పొగ ఆమె దరిచేరకూడదు, ఇతరుల బీడీ పొగ కూడా.

3. పుట్టిన బిడ్డకు మూడవ రోజు ప్రాంతంలో థైరాయిడ్ పరీక్ష చేయించండి. మన దేశంలో సుమారు వెయ్యి మంది శిశువులలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. ఆసుపత్రివారు చెప్పకపోతే మీరే అడగండి.

4. మొదటి మూడేళ్ళు బిడ్డతో మాట్లాడండి, పాడండి, కథలు చెప్పండి. చేతికి ఫోను ఇచ్చి కూర్చోబెట్టడం ఇందుకు బదులు కాదు. రెండేళ్ళకు రెండేసి మాటలు కలిపి పలకకపోతే, "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అని సరిపెట్టుకొనక, వినికిడి పరీక్షతో మొదలుపెట్టి వైద్యునికి చూపించండి.

5. వేలిముద్రలు చూసి పిల్లల తెలివితేటలను, వారికి తగిన చదువును చెబుతామనేవారి మాటలు నమ్మకండి. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆ డబ్బుతో మంచి పుస్తకాలు కొనిపెట్టండి.

6. కుటుంబంలో మధుమేహం, తాగుడు, మానసిక వ్యాధి ఉంటే దాచకండి, భయపడకండి. ఆ ఇంటి పిల్లలు ఎవరికంటె ముందుగా, ఏ విషయంలో జాగ్రత్తపడాలో ఆ చరిత్ర చెబుతుంది. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధిలో కూడా, ఒకే జన్యువులు గల కవలలలో ఒకరికి వస్తే రెండవవారికి వచ్చే అవకాశం సుమారు సగానికి మించదు.

7. అయొడిన్ ఉప్పే వాడండి. గాలికి, తేమకు, వేడికి ఉప్పులోని అయొడిన్ తగ్గిపోతుంది. కాబట్టి ఉప్పును మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. కూర దించబోయే ముందు వేసుకోండి. ఇంటిలో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే, ఈ పూటే ఒకసారి ఆ డబ్బా మూత సరిగా ఉన్నదో లేదో చూడండి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించవలసిందే, ఆ తగ్గించి తినేది కూడా అయొడిన్ ఉప్పే కావాలి.